అండాశయంలో హార్మోన్ల కణితి... అన్నీ నీటిబుడగలే కావు

అరుదైన వ్యాధి. లక్షణాలు మాత్రం అందరికీ తెలిసినవే. అవి ముదిరే వేగమే మొదటి ఆనవాలు

కవాడిగూడ: నెలసరి తప్పడం, ముఖంపై రోమాలు పెరగడం, మొటిమలు, జుట్టు రాలడం... ఈ ఇబ్బందులతో వైద్యుల వద్దకు వెళ్లే యువతుల్లో అత్యధికులకు తేలేది పీసీఓఎస్. అండాశయాల్లో నీటిబుడగలుగా ప్రజల నోట వినిపించే సమస్య ఇదే. పునరుత్పత్తి వయసులో ఉన్న స్త్రీలలో సుమారు పదిమందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. అయితే చాలా అరుదుగా ఇవే లక్షణాల వెనుక హార్మోన్లను ఉత్పత్తి చేసే అండాశయ కణితి దాగి ఉంటుంది. సకాలంలో గుర్తిస్తే ఒకవైపు అండాశయాన్ని తొలగించడంతోనే చాలామంది కోలుకుంటారు. సంతాన అవకాశమూ నిలుస్తుంది. ఆలస్యమైతే గొంతులో వచ్చిన మార్పు పూర్తిగా వెనక్కు రాకపోవచ్చు. కణితి పొట్టలోకి వ్యాపించే ప్రమాదమూ ఉంటుంది.

కవాడిగూడ చుట్టుపక్కల ప్రాంతాలకు ఈ విషయంతో ప్రత్యేక సంబంధం ఉంది. ఇందిరాపార్కు దాటితే అశోక్‌నగర్. ఉద్యోగ పోటీ పరీక్షల శిక్షణకు వివిధ జిల్లాల నుంచి వచ్చిన యువతులు ఇక్కడి వసతి గృహాల్లో ఏళ్ల తరబడి ఉంటారు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం, నారాయణగూడ కళాశాలలు కూడా విద్యార్థినులతో నిండి ఉంటాయి. ఇంటికి దూరంగా ఉన్నవారు నెలసరి రాకపోతే పరీక్షల ఒత్తిడి అనుకోవడం, రోమాలు వస్తే బ్యూటీపార్లర్‌కు వెళ్లడం, గొంతు బొంగురుపోతే జలుబు అనుకోవడం సహజం. మూడింటినీ కలిపి చూసేవారు పక్కన ఉండరు. ఈ నేపథ్యంలో ఎప్పుడు అనుమానించాలి, ఏ పరీక్షలు అవసరం, ఎక్కడికి వెళ్లాలి అన్న వివరాలు ఇవీ.

అండాశయానికి రెండు పనులు

అండాశయం అండాన్ని విడుదల చేయడంతోపాటు హార్మోన్లనూ తయారు చేస్తుంది. అండం చుట్టూ ఉండే గ్రాన్యులోసా కణాలు ఈస్ట్రోజెన్‌ను ఉత్పత్తి చేస్తాయి. వాటి వెలుపల ఉండే థీకా కణాలు తక్కువ మోతాదులో ఆండ్రోజెన్లను, అంటే పురుష హార్మోన్లను తయారు చేస్తాయి. ఆరోగ్యవంతురాలైన స్త్రీ శరీరంలోనూ టెస్టోస్టెరాన్ కొంత ఉంటుంది. మెదడు కింది భాగంలోని పిట్యూటరీ గ్రంథి ఈ ఉత్పత్తిని అదుపులో ఉంచుతుంది.

హార్మోన్లు తయారుచేసే కణాలే గడ్డగా మారినప్పుడు పిట్యూటరీ అదుపు పనిచేయదు. కణితి ఎంత చిన్నదైనా హార్మోన్‌ను ఇష్టానుసారం రక్తంలోకి వదులుతుంది. అందువల్ల పొట్టలో గడ్డ చేతికి తగలకముందే, నొప్పి లేకముందే శరీరంపై మార్పులు కనిపిస్తాయి. అండాశయ క్యాన్సర్లలో అధికభాగం ముదిరేవరకు బయటపడవన్న పేరుంది. హార్మోన్ల కణితి అందుకు భిన్నం. అది ముందే సంకేతం ఇస్తుంది. ఆ సంకేతాన్ని చదవగలగడమే ముఖ్యం.

రకాలు ఇవీ

సెర్టోలి-లేడిగ్ కణితి: అండాశయ కణితులన్నింటిలో ఇది అర శాతం కంటే తక్కువ. ఎక్కువగా ముప్పై ఏళ్లలోపు వారిలో కనిపిస్తుంది. వీరిలో సుమారు మూడోవంతు నుంచి సగం మందికి పురుష హార్మోన్ లక్షణాలు వస్తాయి. దాదాపు ఎల్లప్పుడూ ఒక అండాశయానికే పరిమితమవుతుంది. అధికశాతం తొలిదశలోనే దొరుకుతుంది.

గ్రాన్యులోసా కణితి: ఇందులో రెండు రకాలు. జువెనైల్ రకం బాలికల్లో, ముప్పై ఏళ్లలోపు యువతుల్లో వస్తుంది. అడల్ట్ రకం ప్రధానంగా యాభై ఏళ్ల పరిసరాల్లో వచ్చినా యువతుల్లోనూ అప్పుడప్పుడూ కనిపిస్తుంది. రెండూ ఎక్కువగా ఈస్ట్రోజెన్‌ను ఉత్పత్తి చేస్తాయి. ఎనిమిదేళ్లలోపు బాలికలో రొమ్ములు పెరగడం, రక్తస్రావం కావడం ఈ కణితికి సంకేతం కావచ్చు. యువతుల్లో నెలసరి క్రమం తప్పడం, అధిక రక్తస్రావం, కొన్నిసార్లు నెలల తరబడి నెలసరి పూర్తిగా ఆగిపోవడం కనిపిస్తాయి. ఈ కణితి విడుదల చేసే ఇన్‌హిబిన్ అనే హార్మోన్ పిట్యూటరీ నుంచి వచ్చే ఎఫ్‌ఎస్‌హెచ్‌ను అణచివేయడం ఇందుకు ఒక కారణం.

స్టీరాయిడ్ కణ కణితి: అండాశయ కణితుల్లో వెయ్యింటికి ఒకటి కూడా ఉండదు. టెస్టోస్టెరాన్‌ను, కొన్ని సందర్భాల్లో కార్టిసాల్‌ను ఉత్పత్తి చేస్తుంది.

స్ట్రూమా ఒవేరై: అండాశయంలో థైరాయిడ్ కణజాలం పెరగడం దీని ప్రత్యేకత. అధికశాతం హానిచేయనిదే. కొద్దిమందిలో మాత్రం థైరాయిడ్ హార్మోన్ ఎక్కువై గుండెదడ, బరువు తగ్గడం, చేతుల వణుకు వస్తాయి. మెడలోని థైరాయిడ్ మామూలుగానే ఉన్నా రక్తంలో హార్మోన్ ఎక్కువగా ఉండటం ఇక్కడి చిక్కు. రేడియో అయోడిన్ స్కానింగ్‌లో మెడ భాగం అయోడిన్‌ను తక్కువగా గ్రహించి, పొత్తికడుపులోని గడ్డ గ్రహిస్తే విషయం తేలుతుంది.

బీజకణ కణితులు: కిశోర వయసులో, ఇరవైలలో వచ్చే ఈ కణితుల్లో కొన్ని గర్భధారణ హార్మోన్ అయిన హెచ్‌సీజీని విడుదల చేస్తాయి. గర్భం లేకున్నా గర్భనిర్ధారణ పరీక్షలో రెండు గీతలు వస్తాయి. పెళ్లికాని యువతి విషయంలో ఇది ఇంట్లో పెద్ద కలతకు దారితీయవచ్చు. అటువంటప్పుడు నిలదీయడానికి ముందు స్కానింగ్ చేయించాలి. గర్భసంచిలో గర్భం కనిపించకుండా హెచ్‌సీజీ ఎక్కువగా ఉంటే గర్భనాళంలో గర్భం, ముత్యాల గర్భం, కణితి... ఈ మూడింటినీ వైద్యులు పరిశీలిస్తారు. మొదటిది ప్రాణాపాయానికి దారితీయగలదు కనుక జాప్యం తగదు.

వేగమే ఆనవాలు

పీసీఓఎస్ లక్షణాలు సాధారణంగా రజస్వల అయిన తర్వాతి సంవత్సరాల్లో మొదలై నెమ్మదిగా పెరుగుతాయి. నెలసరి మొదటినుంచీ ఆలస్యంగా వస్తుంటుంది. బరువు పెరిగినప్పుడు రోమాలూ పెరుగుతాయి. పురుష హార్మోన్ కణితి తీరు వేరు. అప్పటివరకు నెలనెలా సక్రమంగా వచ్చిన నెలసరి ఉన్నట్టుండి ఆగిపోతుంది. కొద్ది నెలల్లోనే గడ్డం, మీసం, ఛాతీ భాగాల్లో ముదురు రోమాలు వస్తాయి.

అంతకంటే ముఖ్యమైనవి పీసీఓఎస్‌లో సాధారణంగా కనిపించని మార్పులు. గొంతు బరువెక్కి మగ గొంతులా మారడం, కణతల వద్ద, నుదుటిపై జుట్టు వెనక్కు పోవడం, భుజాలు, తొడల కండలు గట్టిపడటం, రొమ్ముల పరిమాణం తగ్గడం, జననాంగంలోని క్లిటోరిస్ పెద్దదవడం ఇందులోకి వస్తాయి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పరీక్షలు వాయిదా వేయరాదు. చివరి లక్షణాన్ని బిడియం వల్ల చాలామంది చెప్పరు. వైద్యులు అడిగినప్పుడు దాచకుండా చెప్పడం, అడగకపోయినా చెప్పడం అవసరం.

రోమాల తీవ్రతను లెక్కించేందుకు 1961లో రూపొందిన ఫెర్రిమన్-గాల్వే కొలమానాన్ని వైద్యులు నేటికీ మార్పులతో వాడుతున్నారు. పైపెదవి, గడ్డం, ఛాతీ, పొట్ట, వీపు, చేతులు, తొడలు వంటి తొమ్మిది భాగాలకు సున్నా నుంచి నాలుగు వరకు మార్కులు వేస్తారు. త్రెడింగ్, వ్యాక్సింగ్, లేజర్ చేయించుకున్నవారిలో ఈ లెక్క తప్పుతుంది. కనుక ఎంత తరచుగా రోమాలు తీయించుకుంటున్నదీ వైద్యులకు చెప్పాలి. ఆరు నెలల కిందట నెలకోసారి పార్లర్‌కు వెళ్లిన యువతి ఇప్పుడు వారానికోసారి వెళ్లవలసి వస్తే అది వైద్యులకు ఉపయోగపడే సమాచారం. ఏడాది కిందటి ఫొటో, పాత వీడియోలోని గొంతు కూడా అంతే ఉపకరిస్తాయి.

పొరబడే చోట్లు

పురుష హార్మోన్ పెరిగిన ప్రతి సందర్భంలోనూ కారణం కణితి కాదు. పీసీఓఎస్ తర్వాత వైద్యులు పరిశీలించే మరికొన్ని కారణాలున్నాయి.

కిడ్నీలపైన ఉండే అడ్రినల్ గ్రంథుల్లో పుట్టుకతో వచ్చే ఎంజైమ్ లోపం ఒకటి. దీని స్వల్పరూపం యుక్తవయసులోనే బయటపడుతుంది. లక్షణాలు అచ్చం పీసీఓఎస్‌ను పోలి ఉంటాయి. మేనరిక వివాహాలు ఉన్న కుటుంబాల్లో జన్యులోపాలు బిడ్డకు రెండువైపుల నుంచీ సంక్రమించే అవకాశం ఎక్కువ కనుక ఆ వివరం కూడా వైద్యులకు తెలపాలి. అడ్రినల్ గ్రంథిలోనే కణితి ఉండటం మరొకటి. కార్టిసాల్ ఎక్కువయ్యే కుషింగ్ వ్యాధిలో ముఖం గుండ్రంగా ఉబ్బడం, పొట్టపై ఊదారంగు చారలు, రక్తపోటు, మధుమేహం కనిపిస్తాయి.

మందులనూ మరచిపోరాదు. కండలు పెంచే స్టీరాయిడ్లు, డానజాల్, మూర్ఛకు వాడే వాల్‌ప్రొయేట్ వంటివి హార్మోన్లపై ప్రభావం చూపుతాయి. ఏ మందు వాడుతున్నా చీటీతో సహా చూపాలి. అయితే మూర్ఛ మందును సొంతంగా ఆపరాదు.

గర్భిణుల్లో ల్యూటియోమా అనే గడ్డ ఏర్పడి ముఖంపై రోమాలు, మొటిమలు, గొంతు మార్పు రావచ్చు. ప్రసవం తర్వాత ఇది తనంతట తానే తగ్గిపోతుంది. దీనికి సాధారణంగా శస్త్రచికిత్స అవసరం ఉండదు. అందువల్ల గర్భిణిలో అండాశయ గడ్డ కనిపించగానే తొలగించాలని తొందరపడకుండా నిపుణుల సలహా తీసుకోవాలి.

వీటన్నింటిలో తరచుగా జరిగే పొరపాటు మరొకటి ఉంది. స్కానింగ్‌లో నీటిబుడగలు కనిపించాయి కనుక కారణం తెలిసిపోయిందని అనుకోవడం. నీటిబుడగలు ఎంతోమంది ఆరోగ్యవంతులైన యువతుల్లోనూ కనిపిస్తాయి. రజస్వల అయిన ఎనిమిదేళ్లలోపు వారిలో కేవలం స్కానింగ్ ఆధారంగా పీసీఓఎస్ నిర్ధారించరాదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పీసీఓఎస్ ఉన్న యువతికి కణితి రాకూడదన్న నియమమూ లేదు. ఏళ్ల కిందట పీసీఓఎస్ అని తేలినా, లక్షణాలు ఒక్కసారిగా ముదిరితే మళ్లీ మొదటినుంచి పరీక్షించాలి.

రక్తపరీక్షలు... అంకెతోపాటు కొలమానం

పురుష హార్మోన్ లక్షణాలున్నప్పుడు మొదటి పరీక్ష టోటల్ టెస్టోస్టెరాన్. స్త్రీలలో ఇది సాధారణంగా డెసిలీటరుకు 70 నానోగ్రాములలోపు ఉంటుంది. కచ్చితమైన హద్దు ప్రయోగశాలను బట్టి మారుతుంది. పీసీఓఎస్‌లో స్వల్పంగా పెరుగుతుంది. 150 నుంచి 200 నానోగ్రాములు దాటితే కణితి కోసం వెతకడం ఆనవాయితీ. అయితే ఇది గీత గీసినట్టు ఉండే హద్దు కాదు. అంతకంటే తక్కువ ఉన్నవారిలోనూ కణితులు బయటపడ్డాయి. అంతకంటే ఎక్కువ ఉన్నవారిలో వేరే కారణాలు తేలిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే అంకె ఒక్కటే కాక లక్షణాల వేగాన్నీ చూడాలి.

రిపోర్టులో అంకె పక్కన ఉండే కొలమానాన్ని తప్పక గమనించాలి. డెసిలీటరుకు 200 నానోగ్రాములన్నా, మిల్లీలీటరుకు 2 నానోగ్రాములన్నా, లీటరుకు సుమారు 7 నానోమోల్స్ అన్నా ఒక్కటే. రెండు ప్రయోగశాలల రిపోర్టులను పక్కపక్కన పెట్టి 200 కాస్తా 2కు తగ్గిందని సంబరపడటం ప్రమాదకరం.

డీహెచ్‌ఈఏ సల్ఫేట్ అనే హార్మోన్ ప్రధానంగా అడ్రినల్ గ్రంథి నుంచి వస్తుంది. టెస్టోస్టెరాన్ బాగా పెరిగి ఇది మామూలుగా ఉంటే అనుమానం అండాశయం వైపు మళ్లుతుంది. ఇది డెసిలీటరుకు 700 మైక్రోగ్రాములు దాటితే అడ్రినల్ కణితి కోసం సీటీ స్కాన్ చేయిస్తారు. పుట్టుకతో వచ్చే ఎంజైమ్ లోపాన్ని తెలుసుకునేందుకు 17-హైడ్రాక్సీ ప్రొజెస్టెరాన్ పరీక్షను నెలసరి మొదటి రోజుల్లో, ఉదయం వేళ చేయాలి. కుషింగ్ అనుమానం ఉంటే రాత్రి డెక్సామెథాసోన్ మాత్ర ఇచ్చి మర్నాడు ఉదయం కార్టిసాల్ చూస్తారు.

ఈస్ట్రోజెన్ లక్షణాలుంటే ఈస్ట్రడయాల్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఇన్‌హిబిన్-బి, ఏఎంహెచ్ పరీక్షలు ఉపకరిస్తాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. పీసీఓఎస్‌లో ఏఎంహెచ్ ఎక్కువగా ఉండటం మామూలే. గ్రాన్యులోసా కణితిలోనూ అది పెరుగుతుంది. అసాధారణంగా ఎక్కువగా ఉన్న ఏఎంహెచ్‌ను పీసీఓఎస్ ఖాతాలో వేసి వదిలేయరాదు.

అండాశయంలో గడ్డ కనిపించిన యువతులకు హెచ్‌సీజీ, ఆల్ఫా ఫీటోప్రొటీన్, ఎల్‌డీహెచ్ పరీక్షలు తప్పనిసరి. ఆల్ఫా ఫీటోప్రొటీన్ కొన్ని సెర్టోలి-లేడిగ్ కణితుల్లోనూ పెరుగుతుంది. రక్తంలో కాల్షియం కూడా చూడటం మంచిది. యువతుల్లో వచ్చే ఒక అత్యంత అరుదైన, తీవ్రమైన అండాశయ క్యాన్సర్‌లో కాల్షియం పెరగడమే తొలి సూచన. అందరికీ తెలిసిన సీఏ-125 పరీక్షపై మాత్రం ఈ కణితుల్లో ఆధారపడలేం. అది మామూలుగా ఉన్నంత మాత్రాన కణితి లేదని కాదు.

పరీక్షకు ముందు రెండు జాగ్రత్తలు

జుట్టు రాలుతున్న యువతులు బయోటిన్ మాత్రలు వాడటం నేడు సర్వసాధారణం. ప్రయోగశాలల్లోని కొన్ని యంత్రాల పరీక్షా విధానంలో బయోటిన్‌నే ఉపయోగిస్తారు. రక్తంలో మాత్రల బయోటిన్ ఎక్కువగా ఉంటే ఫలితాలు తారుమారవుతాయి. టెస్టోస్టెరాన్, ఈస్ట్రడయాల్ ఉన్నదానికంటే ఎక్కువగానూ, హెచ్‌సీజీ, టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగానూ చూపవచ్చు. దీనిపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరిక జారీ చేసింది. జుట్టు, గోళ్ల కోసం వాడే మాత్రల వివరాలను రక్తం ఇచ్చే ముందే చెప్పి, ఎన్ని రోజులు ఆపాలో అడగాలి.

నెలసరి క్రమబద్ధం కావడానికి ఇచ్చే హార్మోన్ మాత్రలు టెస్టోస్టెరాన్‌ను తగ్గిస్తాయి. మాత్రలు మొదలుపెట్టిన తర్వాత చేసిన పరీక్షలో అసలు స్థాయి కప్పబడిపోవచ్చు. మాత్రలతో నెలసరి రావడం వ్యాధి లేదనడానికి నిదర్శనం కాదు. కనుక వీలైనంతవరకు రక్తపరీక్ష ముందు, మాత్రలు తర్వాత అన్న క్రమాన్ని పాటించాలి.

స్కానింగ్ ఎలా?

అండాశయాలను దగ్గరగా చూపేది యోని ద్వారా చేసే అల్ట్రాసౌండ్. పెళ్లికాని యువతులకు సాధారణంగా దీనిని చేయరు. మూత్రాశయం నిండుగా ఉంచి పొట్టపై నుంచి చేసే స్కానింగ్‌తో మొదలుపెడతారు. పెద్ద గడ్డలు ఇందులో తెలుస్తాయి. హార్మోన్ కణితులు మాత్రం కొన్నిసార్లు రెండు మూడు సెంటీమీటర్లలోపే ఉంటాయి. చుట్టుపక్కల కణజాలంలో కలిసిపోయినట్టు కనిపిస్తాయి. లావుగా ఉన్నవారిలో అవి తప్పిపోయే అవకాశం మరింత ఎక్కువ.

అందువల్ల టెస్టోస్టెరాన్ బాగా పెరిగి, పొట్ట స్కానింగ్ మామూలుగా వస్తే పరీక్ష అక్కడితో ఆగరాదు. పొత్తికడుపు ఎంఆర్‌ఐ తదుపరి మెట్టు. కలర్ డాప్లర్‌లో గడ్డలోకి రక్తప్రసరణ ఎక్కువగా ఉండటమూ ఒక సూచనే. ఎంఆర్‌ఐ, అడ్రినల్ సీటీ రెండింటిలోనూ ఏమీ తేలని అతికొద్ది సందర్భాల్లో పెద్ద ఆసుపత్రుల్లో అండాశయ, అడ్రినల్ సిరల నుంచి నేరుగా రక్తం తీసి హార్మోన్ ఎటువైపు నుంచి వస్తున్నదో పరీక్షిస్తారు. ఇది నైపుణ్యం ఉన్నచోటే చేయవలసిన పరీక్ష.

స్కానింగ్‌కు పంపే చీటీలో 'నెలసరి సమస్య' అని మాత్రమే రాసి ఉంటే రేడియాలజిస్టు నీటిబుడగలు ఉన్నాయో లేదో చూస్తారు. 'టెస్టోస్టెరాన్ పెరిగింది, గొంతు మారింది, కణితి అనుమానం' అని రాసి ఉంటే గట్టి గడ్డ కోసం ప్రత్యేకంగా వెతుకుతారు. రక్తపరీక్ష రిపోర్టును స్కానింగ్ గదికి తీసుకెళ్లడం అందుకే మేలు.

సూదితో పరీక్ష వద్దు

మెడలోనో రొమ్ములోనో గడ్డ ఉంటే సూదితో కొద్దిగా తీసి పరీక్షించడం మామూలే. తొలిదశలో అండాశయానికే పరిమితమైందనుకునే గట్టి గడ్డ విషయంలో ఆ పని చేయరు. సూది గుచ్చితే కణితి పొర చిరిగి కణాలు పొట్టలోకి చేరవచ్చు. అలా చేరితే వ్యాధి దశ మారిపోతుంది. గడ్డను చిట్లకుండా పూర్తిగా తీసి పరీక్షించడమే తుది నిర్ధారణ. ల్యాప్రోస్కోపీ ద్వారా తీసినా సంచిలో ఉంచి బయటకు తెస్తారు.

శస్త్రచికిత్స జరుగుతుండగానే చిన్న ముక్కను గడ్డకట్టించి పరీక్షించే ఫ్రోజెన్ సెక్షన్ సదుపాయం ఉన్న ఆసుపత్రిని ఎంచుకోవడం మంచిది. యువతుల్లో వ్యాధి ఒకవైపే ఉంటే ఆవైపు అండాశయాన్ని, నాళాన్ని మాత్రమే తీసి గర్భసంచిని, రెండో అండాశయాన్ని ఉంచుతారు. ఈ విషయంపై శస్త్రచికిత్సకు ముందే స్పష్టంగా మాట్లాడుకుని అంగీకార పత్రంలో రాయించుకోవాలి.

ఈ కణితులు అరుదు కావడంతో సూక్ష్మదర్శిని కింద గుర్తించడం అనుభవమున్న పాథాలజిస్టులకూ కష్టమే. ఒకదాన్ని మరొకటిగా పొరబడే అవకాశం ఉంది. ఇన్‌హిబిన్, క్యాల్‌రెటినిన్ వంటి ప్రత్యేక రంగుల పరీక్షలతో నిర్ధారిస్తారు. మైనపు దిమ్మెలను, స్లైడ్లను అడిగి తీసుకుని మరో నిపుణుడికి చూపించుకునే హక్కు రోగికి ఉంది. కీమోథెరపీ అవసరమా కాదా అన్నది ఈ రిపోర్టుపైనే ఆధారపడుతుంది కనుక రెండో అభిప్రాయం తీసుకోవడంలో తప్పులేదు.

జన్యువు చెప్పేది

గత రెండు దశాబ్దాల్లో ఈ కణితుల అవగాహనలో పెద్ద మార్పు వచ్చింది. అడల్ట్ గ్రాన్యులోసా కణితుల్లో దాదాపు అన్నింటిలో ఫాక్స్-ఎల్2 అనే జన్యువులో ఒకే రకమైన మార్పు ఉందని 2009లో కనుగొన్నారు. సందేహం ఉన్నచోట నిర్ధారణకు ఇది తోడ్పడుతోంది. సెర్టోలి-లేడిగ్ కణితుల్లో ఎక్కువభాగం డైసర్-1 అనే జన్యువులోని మార్పుతో ముడిపడి ఉన్నాయని 2012 నాటి పరిశోధనతో వెల్లడైంది.

డైసర్-1 మార్పు కొందరిలో పుట్టుకతోనే ఉంటుంది. అది కుటుంబంలో ఒక తరం నుంచి మరో తరానికి వెళ్లవచ్చు. అటువంటి కుటుంబాల్లో చిన్నవయసులోనే థైరాయిడ్ గడ్డలు, పసిపిల్లల్లో ఊపిరితిత్తుల అరుదైన కణితి, కిడ్నీ గడ్డలు కనిపిస్తాయి. అందుకే సెర్టోలి-లేడిగ్ కణితి తేలిన ప్రతి యువతికీ జన్యు సలహా అందించాలని నిపుణులు సూచిస్తున్నారు. ఆమె చికిత్సతోపాటు తోబుట్టువుల, పుట్టబోయే బిడ్డల ఆరోగ్యానికీ ఇది సంబంధించిన విషయం.

చికిత్స తర్వాత...

కణితిని తీసిన కొద్ది రోజుల్లోనే టెస్టోస్టెరాన్ సాధారణ స్థాయికి వస్తుంది. నెలసరి సాధారణంగా కొన్ని నెలల్లోపు తిరిగి మొదలవుతుంది. మొటిమలు తగ్గుతాయి. రోమాలు పలచబడటానికి మరింత సమయం పడుతుంది. మిగిలిన వాటిని లేజర్‌తో తొలగించుకోవచ్చు. గొంతు, క్లిటోరిస్ మార్పులు మాత్రం పూర్తిగా పూర్వస్థితికి రాకపోవచ్చు. నిర్ధారణ ఎంత త్వరగా జరిగితే ఈ నష్టం అంత తక్కువ.

ఒక అండాశయంతో నెలసరి, గర్భధారణ రెండూ సాధ్యమే. పెళ్లి సంబంధాలకు అడ్డువస్తుందన్న భయంతో కొన్ని కుటుంబాలు పరీక్షనే వాయిదా వేస్తుంటాయి. వాస్తవానికి సంతాన అవకాశాన్ని దెబ్బతీసేది ఆ వాయిదాయే.

తర్వాతి పరీక్షల విషయంలో కణితి రకాన్ని బట్టి తేడా ఉంటుంది. సెర్టోలి-లేడిగ్ కణితి తిరగబెడితే ఎక్కువగా మొదటి కొన్నేళ్లలోనే బయటపడుతుంది. అడల్ట్ గ్రాన్యులోసా కణితి పది, ఇరవై ఏళ్ల తర్వాతా తిరిగి రావచ్చు. కనుక శస్త్రచికిత్స వివరాలు, బయాప్సీ రిపోర్టు జీవితాంతం భద్రపరచుకోవాలి. మొదట ఏ హార్మోన్ పెరిగిందో దానినే తర్వాతి పరీక్షల్లో కొలుస్తారు. శస్త్రచికిత్సకు ముందు రక్తపరీక్ష చేయించనివారికి ఈ ఆధారం ఉండదు.

ఎక్కడికి వెళ్లాలి?

కవాడిగూడ వాసులకు సమీపంలోని పెద్ద ప్రభుత్వ వైద్యశాల ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రి. 2003లో ఇది సికింద్రాబాద్ నుంచి ప్రస్తుత ప్రాంగణానికి మారింది. గైనకాలజీ విభాగంలో తొలి పరీక్ష చేయించుకోవచ్చు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో సేకరించిన నమూనాలను పరీక్షించేందుకు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ప్రాంగణంలో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్ర ప్రయోగశాల 2018లో ప్రారంభమైంది. ఏయే హార్మోన్ పరీక్షలు అందుబాటులో ఉన్నాయో బస్తీ దవాఖానాలోనే అడిగి తెలుసుకోవాలి.

హార్మోన్ల నిపుణులైన ఎండోక్రైనాలజిస్టుల సేవలు ఉస్మానియా జనరల్ ఆసుపత్రి, పంజాగుట్టలోని నిమ్స్‌లో ఉన్నాయి. నిమ్స్‌లో జన్యువైద్య విభాగం కూడా ఉంది. క్యాన్సర్ అనుమానం ఉంటే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిని సంప్రదించవచ్చు. ఆరోగ్యశ్రీ పథకం పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది. ఏ చికిత్స పథకం పరిధిలోకి వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర వద్ద ముందుగానే విచారించాలి.

వైద్యుల వద్దకు వెళ్లేటప్పుడు...

* గత ఏడాది నెలసరి తేదీలను కాగితంపై రాసుకోవాలి.
* రోమాలు, గొంతు మార్పు ఏ నెలలో మొదలయ్యాయో, ఎంత వేగంగా పెరిగాయో చెప్పాలి.
* ఏడాది కిందటి ఫొటోను, వీడియోను వెంట ఉంచుకోవాలి.
* హార్మోన్ మాత్రలు, బయోటిన్, జిమ్ పొడులు సహా వాడుతున్నవన్నీ చూపాలి.
* కుటుంబంలో థైరాయిడ్ గడ్డలు, చిన్నపిల్లల్లో కణితులు ఉంటే తెలపాలి.
* పాత స్కానింగ్ ఫిల్ములు, రక్తపరీక్షల రిపోర్టులు అన్నీ తీసుకెళ్లాలి.

ఆగకూడని సందర్భాలు

పొత్తికడుపులో ఒక్కసారిగా తీవ్రమైన నొప్పి, వాంతులు, కళ్లు తిరిగి పడిపోవడం, పొట్ట ఉబ్బి గట్టిపడటం కనిపిస్తే కణితి మెలిపడి ఉండవచ్చు. లేదా చిట్లి లోపల రక్తస్రావం అవుతుండవచ్చు. అటువంటప్పుడు ఉదయం ఓపీ కోసం వేచి ఉండక వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. నొప్పి మాత్ర వేసి పడుకోబెట్టరాదు. వసతి గృహాల నిర్వాహకులు, తోటి విద్యార్థినులు ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి. 108కు ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుంది.